కాందిశీకుల బాధ్యత – యూరపు దేశాల పంపకాలు

ఒక ఇంట్లో పెళ్లికి అనుకున్నదానికంటే ఎక్కువమంది చుట్టాలు దిగారనుకోండి. ఇరుగుపొరుగువాళ్లు తలా నలుగుర్ని తమ ఇళ్లకు తీసుకుపోయి పడకలు వేస్తారు. మన బస్తీల్లో ఇది మామూలే. దేశాల మధ్య కూడా ఒకప్పుడు ఇలాగే జరిగింది. తర్వాత అదే ఎంత కష్టమైందో యూరపు చరిత్ర చెబుతున్నది.

1956 అక్టోబరులో హంగరీ ప్రజలు తమ ప్రభుత్వం మీద తిరగబడ్డారు. నవంబరు 4న సోవియట్ సైన్యం బుడాపెస్టు మీద విరుచుకుపడింది. సుమారు 2 లక్షల మంది కట్టుబట్టలతో సరిహద్దు దాటారు. ఎక్కువమంది చేరింది ఆస్ట్రియాకు. అది చిన్న దేశం. పైగా పరాయి సైన్యాలు అక్కడినుంచి వెళ్లిపోయి అప్పటికి ఏడాదే అయింది. అంత భారం ఒక్క దేశం ఎలా మోస్తుంది? అప్పుడు 37 దేశాలు ముందుకొచ్చి సుమారు 1,80,000 మందిని పంచుకున్నాయి.

తర్వాత 1990లో డబ్లిన్ ఒప్పందం వచ్చింది. శరణు కోరినవాడు ముందు ఏ దేశంలో అడుగుపెడితే, సాధారణంగా ఆ దేశమే అతని దరఖాస్తు విచారించాలని అందులో ముఖ్యమైన సూత్రం. సముద్రం మీదుగా వచ్చేవాళ్లు దిగేది గ్రీసులోనో ఇటలీలోనో గదా! భారమంతా వాళ్ల మీదే పడింది.

2015లో సిరియా, ఆఫ్ఘనిస్తాన్, ఇరాక్ వంటి దేశాలనుంచి 10 లక్షల మందికి పైగా సముద్రం దాటి యూరపు చేరారు. ఆ సెప్టెంబరులో యూరోపియన్ యూనియన్ గ్రీసు, ఇటలీలనుంచి 1,60,000 మందిని రెండేళ్లలో మిగతా దేశాలకు పంచాలని తీర్మానించింది. చేర్చుకున్న దేశానికి మనిషికి 6,000 యూరోలు ఇస్తామన్నది. హంగరీ, చెక్, స్లొవేకియా, రుమేనియా వ్యతిరేకంగా ఓటువేశాయి. క్రైస్తవులనైతేనే తీసుకుంటామని స్లొవేకియా ప్రభుత్వం చెప్పింది. చివరికి పంచుకున్నది సుమారు 35,000 మందినే. అర్హతకు పెట్టిన షరతులు కూడా ఇందుకు కొంత కారణం. కానీ హంగరీ, పోలెండు ఒక్కరినీ చేర్చుకోలేదు. అది తప్పేనని 2020 ఏప్రిల్‌లో యూనియన్ న్యాయస్థానం తీర్పు చెప్పింది గానీ, అప్పటికి గడువు ఎప్పుడో దాటిపోయింది.

మరి చోటు లేకనా? 2022లో ఉక్రెయిన్‌నుంచి వచ్చినవారికి ఆ రెండు దేశాలే తలుపులు తెరిచాయి. మంచి పనే చేశాయి. అంటే చోటు ఉన్నది. ఎవరికి ఇవ్వాలన్న దగ్గరే పేచీ వచ్చింది.

2024లో యూనియన్ కొత్త చట్టాలు చేసి, 2026 జూన్ నుంచి అమలుకు గడువు పెట్టింది. వాటి ప్రకారం ప్రతి దేశమూ సాయం చేయాల్సిందే. అయితే మనుషుల్ని తీసుకోవచ్చు, లేదా మనిషికి 20,000 యూరోల లెక్కన ఇవ్వవచ్చు, లేదా సిబ్బందినీ సామగ్రినీ పంపవచ్చు. డబ్బు గ్రీసుకు అక్కరకు వస్తుంది, నిజమే. కానీ గుడారంలో ఉన్న కుటుంబానికి కావలసింది ఒక ఇల్లు, పిల్లలకు ఒక బడి.

అక్టోబరు 23న హంగరీలో ఏటా 1956 పోరాటాన్ని తలుచుకుంటారు. ఆ రోజున, తమవాళ్లకు పనాహ్ ఇచ్చిన ఆ 37 దేశాలను కూడా తలుచుకుంటే బాగుండును. మన పెద్దలకు ఎవరు ఆశ్రయమిచ్చారో పిల్లలకు చెబుతూ ఉండాలి. అది మరిచిన ఇల్లు, తలుపు తట్టినవాణ్ణి గుర్తుపట్టదు.