చారిత్రక పునరభినయం – యువత: కృష్ణా తీరంలో రోమన్ వర్తక స్మృతి

1. ఉపోద్ఘాతం

గడిచిన కాలపు ఉడుపులను, పనిముట్లను, నడవడిని ఆధారాల ప్రకారం మళ్ళీ తయారుచేసుకొని, ఆచరించి చూపడాన్ని చారిత్రక పునరభినయం అనవచ్చు. ఐరోపాలో దీనికి వస్తువైనవాటిలో రోమన్ సైన్యం ఒకటి. బ్రిటన్‌లో 1972లో ఏర్పడిన ‘ఎర్మిన్ స్ట్రీట్ గార్డ్’ సంఘం క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ సైనికుల కవచాలను, ఆయుధాలను పరిశోధించి, పునర్నిర్మించి ప్రదర్శిస్తూ వచ్చింది. ఇటువంటి ఏ ప్రయత్నమైనా నిలవాలంటే తరువాతి తరం అందులోకి రావాలి. రోమ్‌తో వర్తక సంబంధం కలిగిన కృష్ణా తీరంలో ఆ పని ఏ రూపంలో సాధ్యమో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. కృష్ణా ముఖద్వారంలో రోమ్

క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నావికా గ్రంథం ‘పెరిప్లస్’ ఈ తీరాన్ని మసాలియా అని పేర్కొని, ఇక్కడ సన్నని నూలు వస్త్రాలు విస్తారంగా తయారయ్యేవని చెప్పింది. 2వ శతాబ్దపు టాలెమీ దీనినే మైసోలియా అన్నాడు. కొంటకోస్సిల అనే వర్తకకేంద్రాన్ని పేర్కొన్నాడు. అదే నేటి ఘంటసాల అని చరిత్రకారులు గుర్తించారు. నాగార్జునకొండ శాసనంలో ఉపాసిక బోధిశ్రీ దానాలను చెప్పే సందర్భంలో ‘కంటకసోల’ ప్రస్తావన ఉంది. ఘంటసాల శాసనంలో శివకుడనే మహానావికుడు కనిపిస్తాడు. నాగార్జునకొండ తవ్వకాలలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. శాతవాహనుల ఓడ గుర్తు నాణేలు ఈ సముద్ర వ్యాపారానికి మరొక సాక్ష్యం.

ఈ ఆధారాలలో ఎక్కడా రోమన్ సేన లేదు. రోమ్ ఇక్కడికి కత్తితో రాలేదు, నాణెంతో వచ్చింది. కనుక ఘంటసాలలో కవచధారులను నడిపిస్తే చూడటానికి వేడుకే గాని చరిత్ర కాదు. ఇక్కడ అభినయించదగినది రేవు, తూకం, బేరం, దానం.

3. కారంపూడి వీరారాధన

పునరభినయం అనే మాట కొత్తదైనా ఆ ఆచరణ తెలుగు నేలకు కొత్త కాదు. 12వ శతాబ్దపు పలనాటి యుద్ధ స్మృతిగా, నాగులేటి ఒడ్డున ఉన్న కారంపూడిలో ఏటా కార్తిక అమావాస్య నుంచి అయిదు రోజుల ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే ఆ రోజుల పేర్లే యుద్ధకథా ఘట్టాలు. వీరాచారవంతులు ఊరూరి నుంచి వీరుల ఆయుధాలను తీసుకొని వస్తారు. వీరవిద్యావంతులు కథ పాడతారు. బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా అందరినీ ఒక్క పంక్తిలో కూర్చోబెట్టాడన్న చాపకూడు సంప్రదాయం కూడా ఈ ఉత్సవంలో భాగమే.

ఇక్కడ యువకుడు ప్రేక్షకుడుగా మిగిలిపోడు. ఆయుధం మోసే ఇంట పుట్టినవాడు దానిని శుభ్రపరచడం, ఎత్తుకొని నడవడం, ఆ వీరుని కథ వినడం పెద్దల వెంట ఉండి నేర్చుకుంటాడు. చేతికి ఒక వస్తువు, నోటికి ఒక కథ, పంక్తిలో ఒక చోటు – ఈ మూడూ అతనిని ఉత్సవానికి కట్టి ఉంచుతాయి. యుద్ధంతో పాటు సహపంక్తిని కూడా గుర్తుచేసుకోవడం వల్ల ఆ స్మృతి పగగా మిగలకుండా ఉండే అవకాశం కలిగింది.

4. వారసత్వం నుంచి ఇష్టానికి

అయితే వారసత్వం మీద ఆధారపడిన ఆచరణకు ఒక పరిమితి ఉంది: ఆ ఇంట పుట్టనివారికి అందులో పాత్ర దొరకడం కష్టం. ఘంటసాల సమీపంలోని కూచిపూడి చరిత్ర ఇందుకు ఒక దారి చూపుతుంది. భాగవతుల కుటుంబాలలోని ప్రతి మగపిల్లవాడూ ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి నియమించాడని ఐతిహ్యం. 20వ శతాబ్దంలో వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి స్త్రీలకు నేర్పారు; వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో అకాడమీ స్థాపించి బయటివారికి ఆ విద్యను విస్తృతంగా అందించారు. పుట్టుకతో వచ్చిన పాత్ర అభ్యాసంతో వచ్చే పాత్రగా మారింది. క్రమశిక్షణ సడలకుండానే తలుపు తెరుచుకుంది.

5. ఘంటసాలకు అన్వయం

కారంపూడిది భక్తి, దానిని అనుకరించడం ఉచితం కాదు. స్వీకరించదగినది దాని పద్ధతి. విజయవాడ, మచిలీపట్నం కళాశాలల విద్యార్థులు ఘంటసాల మ్యూజియంలోని శిల్పాల నుంచి ఉడుపులను, శాసనాల నుంచి పేర్లను, పదవులను గ్రహించి రేవు దినం ఒకటి జరుపుకోవచ్చు. మహానావికుడు, దుబాసి, తూకందారు, సాలెవాడు, భిక్షువు వంటి పాత్రలలో దుబాసి వంటివి ఊహించుకోవలసినవే; ఏది ఆధారం, ఏది ఊహ అని విద్యార్థే చెప్పగలగాలి. బోధిశ్రీ పాత్రకు శాసనాధారమే ఉన్నందువల్ల అమ్మాయిలు అలంకారప్రాయంగా నిలబడవలసిన అవసరం లేదు. పెడన చేనేతకారుల మగ్గం పక్కన కూర్చొని నేత పని తెలుసుకున్న విద్యార్థికి మసాలియా వస్త్రం పరీక్షలోని ఒక మార్కు ప్రశ్నగా మిగిలిపోదు.

6. ముగింపు

యువతను చరిత్ర వైపు రప్పించేది ఆర్భాటమే అనుకుంటే కవచాలు చాలు. కాని ఆర్భాటం చూసి వచ్చినవారు చూసి వెళ్ళిపోతారు. పని అప్పగించినవారు నిలుస్తారు. కారంపూడి ఆయుధానికి మోసేవాడు ఉన్నాడు. కంటకసోల పేరును మోసేవారు ఇంకా తయారు కావలసి ఉంది. వారు లేకపోతే ప్రపంచ వర్తక పటంలో తెలుగు రేవుకు ఉండిన స్థానం మ్యూజియం ఫలకం మీది అక్షరాలకే పరిమితమవుతుంది.