సన్ రికార్డ్స్

అమెరికాలోని మెంఫిస్ నగరంలో శామ్ ఫిలిప్స్ 1952లో నెలకొల్పిన చిన్న గ్రామఫోను రికార్డుల సంస్థ. రాక్ అండ్ రోల్ తొలి చరిత్రలో దీనికి పెద్దపీట వేయాల్సిందే. అంతకుముందే, 1951లో, యూనియన్ అవెన్యూలోని ఆయన స్టూడియోలో ‘రాకెట్ 88’ అనే పాట రికార్డయింది. విడుదల చేసింది మాత్రం షికాగోలోని చెస్ సంస్థ. స్టూడియోకు వచ్చే దారిలో దెబ్బతిన్న ఆంప్లిఫయర్ స్పీకరులో కాగితం కుక్కి వాయించడంతో ఆ పాటలో గిటారుకు బొంగురు నాదం వచ్చిందంటారు. ఆ స్టూడియోలోనే పాడిన హౌలిన్ వుల్ఫ్ వంటి నల్లజాతి గాయకులు వేసిన ఈ పునాదిని మరచి ఎల్విస్ ప్రెస్లీని మాత్రమే పొగడటం అన్యాయం. ప్రెస్లీ తొలి రికార్డు 1954 జులైలో ఇక్కడే వెలువడింది. మరుసటి ఏడాది నవంబరులో అతని ఒప్పందాన్ని ఫిలిప్స్ 35,000 డాలర్లకు ఆర్‌సీఏ రికార్డుల సంస్థకు అమ్మేశాడు. కార్ల్ పెర్కిన్స్, జానీ క్యాష్, జెర్రీ లీ లూయిస్ కూడా ఈ సంస్థతోనే వెలుగులోకి వచ్చారు. 1969లో సంస్థ షెల్బీ సింగిల్టన్ చేతికి మారింది.