వృద్ధాశ్రమం బాగుందని మేము రాసిన పాత పోస్టు గురించి

ఈసారి పోస్టు పొడుగు. తీరిక ఉన్నప్పుడే చదవండి.

పోయిన నెల మన సంఘం సభ్యుడొకాయన బెంగుళూరు నుంచి ఫోన్ చేశాడు. వాళ్లమ్మ చాంపియన్ రీఫ్స్ లైన్లలో ఒంటరిగా ఉంటోంది. రెండుసార్లు కాలు జారి పడింది. "మూడేళ్ల కింద ఫలానా ఆశ్రమం బాగుందని మీరే రాశారు కదన్నా, అక్కడ చేర్చేదా?" అని అడిగాడు. జవాబు చెప్పడానికి మాకు నోరు రాలేదు.

ఆ పోస్టు మేము రాసిందే. దసరాకు పోయినాము, దుప్పట్లు పంచినాము, అరటిపండ్లు ఇచ్చినాము, ఫోటోలు తీసుకున్నాము. గంటన్నర ఉండి వచ్చి "శుభ్రంగా ఉంది, ప్రేమగా చూసుకుంటున్నారు" అని రాసేశాము. నాలుగు వందల మంది మెచ్చుకున్నారు కూడా. ఏడాది తరవాత మా లైనుకే చెందిన ఒక అవ్వ అక్కడి నుంచి తిరిగొచ్చింది. మేమిచ్చిన దుప్పట్లు ఆ సాయంత్రమే బీరువాలోకి పోయినాయంట. ఆరు గంటలకే భోజనం పెట్టి ఒక మాత్ర ఇస్తారంట, మళ్లా పొద్దున వరకు ఎవరూ లేచేది లేదు. పింఛను పాసుపుస్తకం మేనేజరు దగ్గరే. "మీరు వచ్చిన దినం మాత్రం బాగుండె నాయనా" అనింది. ఆమె మమ్మల్ని తిట్టలేదు, ఆ మాట మాత్రం మాలో ఉండిపోయింది. పాత పోస్టును ఈ రోజు వెనక్కి తీసుకుంటున్నాము. ఆశ్రమం పేరు ఇప్పుడు రాయము. అక్కడ ఇంకా మనవాళ్లు ఉన్నారు.

ఒక ఇంటిలో మనుషులను బాగా చూస్తున్నారా లేదా అని బయటివాళ్లు కనిపెట్టేది ఎట్లా? ఇది కొత్త ప్రశ్న కాదు, మన కోలారు గడ్డ మీద నూటయాభై ఏండ్ల నుంచి ఉన్నదే. 1876-78 కరువు సంగతి తాతల నోట వినుంటారు. మైసూరు సీమ జనాభా 1871 లెక్కల్లో యాభై లక్షల పైచిలుకు. 1881 లెక్కలకు దాదాపు నలభై రెండు లక్షలు. ఆ కరువులో తల్లీతండ్రీ పోయిన పిల్లలను చేరదీసి కోలారులో అనాథాశ్రమం నడిపిన మనిషి మిస్ ఆన్‌స్టీ అనే ఇంగ్లీషు ఆమె. 1890లో ఆ పనంతా మెథడిస్టు మిషన్‌కు అప్పగించింది. కోలారులో ఇ.టి.సి.ఎం. ఆసుపత్రి అని అందరమూ పిలిచేది ఆ మిషన్ వాళ్లు 1910లో పెట్టిందే.

అదే కరువులో పక్కనే మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక పెద్ద తగవు నడిచింది. దొర సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో కరువు పనులకు వచ్చినవాళ్లకు దినానికి ఒక పౌను ధాన్యం, పైన కొంచెం చిల్లర చాలు అన్నాడు. పౌను అంటే అరకిలో కూడా రాదు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఒప్పుకోలేదు. ఆ తిండితో కాయకష్టం చేసే మనిషి బతకడు, పప్పు కూడా కావాలి అని వాదించాడు. కొన్ని నెలలకే మద్రాసు ప్రభుత్వం కొలత పెంచాల్సి వచ్చింది. ఇక్కడ చూడాల్సింది ఒకటుంది. టెంపుల్ లెక్క ఖర్చు నుంచి మొదలైంది, కార్నిష్ లెక్క మనిషి ఒంటి నుంచి మొదలైంది. ఈ రోజు ఏ ఆశ్రమానికి పోయినా ఈ రెండు లెక్కల్లో ఏదో ఒకటి నడుస్తూ ఉంటుంది.

ఇక మన గనులు. జాన్ టేలర్ కంపెనీ 1880లో వచ్చింది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. ఈ కథ మన పేజీలో ఎన్నోసార్లు రాశాము కాబట్టి మళ్లా వద్దు. గనుల ఆసుపత్రి గురించి మాత్రం చెప్పాలి. ఈ చుట్టుపక్కల అంత ఆసుపత్రి లేదని మన పెద్దలు గొప్పగా చెప్పుకునేవాళ్లు, అందులో అబద్ధం లేదు. మంచాలు ఉన్నాయి, నర్సులు ఉన్నారు, మందులు ఉన్నాయి. అయితే 1947లో వెలువడిన పరిశీలన ఒకటుంది. 7,653 మంది కార్మికులను పరీక్షిస్తే నూటికి దాదాపు 44 మందికి రాతి ధూళితో వచ్చే సిలికోసిస్ ఉన్నట్టు తేలింది. దేశంలో ఆ జబ్బు గురించి మొదట వచ్చిన గట్టి లెక్కల్లో అది ఒకటి, ఈనాటికీ వైద్యవిద్యార్థులు చదువుతారు. ఆసుపత్రి వార్డు తళతళలాడుతున్నా లోపలికి పోయే మనిషి ఊపిరితిత్తులు రాయైపోతున్నాయి. మా తాతల తరంలో దగ్గు లేని ఇల్లు ఏ లైనులో ఉండేదో మీరే చెప్పండి.

1930 సమ్మె కూడా ఇక్కడే గుర్తుకొస్తుంది. కార్మికులందరి వేలిముద్రలు తీసి రిజిస్టరులో ఎక్కిస్తామని కంపెనీ అంటే, వేల మంది పని ఆపి కూర్చున్నారు. మేము దొంగలమా అన్నదే వాళ్ల ప్రశ్న. మా ముఖం చూడకుండా మా వేలు చూస్తారా అన్న రోషం అది. మరి ఇప్పుడు? ఆశ్రమంలో ఒక అవ్వ పింఛను డబ్బుకు మిషను మీద వేలు పెడుతుంది. గీతలన్నీ అరిగిపోయి మిషను ఒప్పుకోదు. నాలుగోసారికి పడుతుంది. ఆ డబ్బు ఎవరి చేతికి పోయింది? ఈ ప్రశ్న మేము ఏ ఆశ్రమంలోనూ అడగలేదు. రిజిస్టరులో పేర్లు వరుసగా ఉంటే చాలనుకున్నాము.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. పిల్లలు మారికుప్పం నుంచి తెల్లవారకముందే బెంగుళూరు రైలెక్కి రాత్రికి తిరిగొచ్చే బతుకు అలవాటు చేసుకున్నారు. కొందరు అక్కడే ఉండిపోయారు. సైనైడ్ దిబ్బల కింద లైన్లలో మిగిలింది ముసలివాళ్లు. అదే సంవత్సరం ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో మతిస్థిమితం లేనివాళ్లను పెట్టిన ఒక ఇంటికి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్నారు కాబట్టి 28 మంది పారిపోలేక కాలిపోయారు. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. ఆ ఊరికి ప్రతి దినమూ బయటివాళ్లు వచ్చిపోతూనే ఉండేవాళ్లు. గొలుసులు అందరికీ కనిపించేవే.

మనకన్నా ముందే ఈ తప్పు తెలుసుకున్న మనిషి ఒకాయన ఉన్నాడు. ఇంగ్లండులో పీటర్ టౌన్‌సెండ్ అనే సామాజిక పరిశోధకుడు. ఆయన 1958-59లో ఇంగ్లండు, వేల్సులలో ముసలివాళ్లు ఉండే 173 ఇండ్లు తిరిగి చూశాడు. వాటిలో కొన్ని పాతకాలపు బీదల సత్రాలే, పేరు మార్చి నడుపుతున్నవి. మన గనులు నడిపిన దొరల దేశంలోనే! 1962లో పుస్తకం వేశాడు. గదులు, స్నానపుగదులు, సిబ్బంది ఒక్కటే చూస్తే లాభం లేదని ఆయనకు అర్థమైంది. అక్కడుండే మనిషికి దినమంతా చేసుకోవడానికి ఏదైనా పని ఉందా, ఇష్టమైనప్పుడు లేచే, బయటికి పోయే స్వేచ్ఛ ఉందా, అయినవాళ్లతో రాకపోకలు ఉన్నాయా అని కూడా లెక్కలోకి తీసుకున్నాడు. చివరికి ఇట్లాంటి ఇండ్లే వద్దు, సొంత గడపలో ఉంచి సాయం అందించాలి అన్నాడు. యాభై ఏండ్ల తరవాత ముగ్గురు పరిశోధకులు ఆ ఇండ్ల ఆచూకీ మళ్లా తీసి 2010లో పుస్తకం తెచ్చారు. వాళ్లకు సాయంగా ఆ ఇండ్లు వెతికింది మనలాంటి మామూలు జనమే. ఈ సంగతి చదివినప్పుడు మాకు కొంచెం ధైర్యం వచ్చింది.

చట్టం సంగతి క్లుప్తంగా. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం జిల్లాకు కనీసం 150 మంది పట్టే వృద్ధాశ్రమం ఒకటైనా పెట్టవచ్చు అంటుంది. ప్రమాణాలు రాయడం మాత్రం రాష్ట్రాలకు వదిలేసింది. పిల్లల ఇండ్లకైతే 2015 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి, తనిఖీ కమిటీలు ఉన్నాయి. వృద్ధాశ్రమాలకు కూడా రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు పెట్టాలని 2019లో లోక్‌సభకు బిల్లు వచ్చింది, ఆ సభ కాలం ముగియడంతో అదీ పోయింది. ఇబ్బందిలో ఉన్న పెద్దవాళ్లు 14567కు ఫోన్ చేయవచ్చు. నంబరు రాసి గోడకు అంటించండి.

ఫోన్ చేసిన తమ్ముడి కోసం రెండు వారాల కింద మేము ముగ్గురము బంగారుపేట వైపు వేరే ఒక ఆశ్రమానికి పోయినాము. ముందు చెప్పలేదు, పండ్లు తీసుకుపోలేదు, రాత్రి ఏడు గంటలకు పోయినాము. లోపలికి రానిస్తారా లేదా అన్నదే మొదటి పరీక్ష. రానిచ్చారు. దీపాలు వెలుగుతున్నాయి, ఇద్దరు తాతలు పులిజూదం ఆడుతున్నారు, ఒకామె పక్కామెతో పోట్లాడుతోంది. ఆ పోట్లాట విని మాకు సంతోషమేసింది, మాత్ర వేసి పడుకోబెట్టిన ఇంట్లో పోట్లాటలు ఉండవు. మంచం పట్టిన తాత ఒకాయన వీపు చూపించమని అడిగాము. పుండ్లు లేవు. మరుగుదొడ్డి దగ్గర పట్టుకోవడానికి కమ్మీ లేదు, తలుపు లోపల గడియ మాత్రం ఉంది. పాసుపుస్తకాలు ఎవరి దగ్గర అని అడిగితే ఆఫీసు ఆమె కొంచెం ముఖం మాడ్చుకుంది కానీ కొందరి పెట్టెల్లోంచి తీయించి చూపించింది. రాత్రికి మనిషి ఒక్కడే, ఇరవై రెండు మందికి. అది మాకు నచ్చలేదు, అక్కడే చెప్పినాము.

ఇదంతా తమ్ముడికి ఉన్నది ఉన్నట్టు చెప్పినాము. బాగుంది అని గానీ బాగాలేదు అని గానీ అనలేదు. ఆయన వాళ్లమ్మను ఫోన్‌లోకి పిలిచాడు. ఆమె అంతా విని "సంగటి పెడతారా, దినమూ తెల్లన్నమేనా?" అని అడిగింది. మేము ముగ్గురము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. కమ్మీలు చూసినాము, వీపులు చూసినాము, అది అడగడం మరిచిపోయినాము.

వచ్చే ఆదివారం ఆమెనే వెంటబెట్టుకొని పోతున్నాము. కారు ఉన్నవాళ్లు ఎవరైనా వస్తే చెప్పండి, ఆమె మోకాళ్లకు ఆటో కుదుపు పడదు.