సొరాంగ్ సొంపెంగ్ ఫాంటు సమస్యలు

'''సొరాంగ్ సొంపెంగ్''' సవర భాషను రాయటానికి 1936లో మంగేయ్ గొమాంగో రూపొందించిన లిపి. సవరలు ఒడిశా దక్షిణ ప్రాంతంతో పాటు ఆంధ్ర ప్రదేశ్‌లో సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం ఏజెన్సీలలో నివసిస్తున్నారు. ఈ ప్రాంతాలు 2022 వరకు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఉండేవి. ఆ సంవత్సరం పార్వతీపురం మన్యం జిల్లాలో చేరాయి. గిడుగు రామమూర్తి సవరను తెలుగు లిపిలో రాసాడు. ఆంధ్రలో సవర పాఠ్యపుస్తకాలు కూడా తెలుగు లిపిలోనే వచ్చాయి. భాష ఒకటే అయినా లిపి వేరు కావటం వలన, సొరాంగ్ సొంపెంగ్‌లో ఉన్న ఫైలు ఇక్కడి పాత కంప్యూటరులో తెరుచుకున్నా చదవటానికి వీలుకాకపోవచ్చు.

== గళ్ళు, ప్రశ్నార్థకాలు ==
ఈ లిపి 2012 జనవరిలో వెలువడిన యూనికోడ్ 6.1లో చేరింది. ఇందులో 25 అక్షరాలు, 10 అంకెలు ఉన్నాయి. అక్షరాల చోట ఖాళీ గళ్ళు కనిపిస్తే పాఠ్యం సాధారణంగా క్షేమంగానే ఉంటుంది; దానిని చూపే ఫాంటు మాత్రమే లేదు. గళ్ళను చెరిపి తిరిగి టైపు చేయనక్కరలేదు.

ప్రశ్నార్థకాలు కనిపిస్తే సంగతి వేరు. యూనికోడ్ కాని పద్ధతిలో భద్రపరచినపుడు అక్షరాల స్థానంలో నిజంగానే ప్రశ్నార్థకాలు చేరిపోతాయి. అటువంటి పాఠ్యాన్ని ఏ ఫాంటూ తిరిగి తేలేదు, మూలప్రతిని వెతకవలసిందే. ఈ లిపి సంకేతాలు 69,840 నుండి మొదలవుతాయి. 65,535 దాటిన సంకేతాలను గుర్తించని పాత సాఫ్టువేరులో తెలుగు చక్కగా నిలిచినా సొరాంగ్ సొంపెంగ్ పాడవటానికి ఇదే కారణం.

ఇంగ్లీషు అక్షరాలు గజిబిజిగా కనిపిస్తే, అది యూనికోడ్‌కు చెందని ఫాంటుతో టైపు చేసినదై ఉండవచ్చు. తెలుగు డీటీపీలో అను ఫాంట్ల ఫైళ్ళకు ఇదే ఇబ్బంది. ఆ ఫాంటునే సంపాదించాలి, లేదా పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చాలి.

== స్థాపన ==
విండోస్ 8.1లోను, తరువాతి వాటిలోను ఉండే నిర్మలా యూఐ ఫాంటు ఈ లిపిని చూపుతుంది. విండోస్ 7 వంటి వాటిలో గూగుల్ వారి ఉచిత ఫాంటు నోటో శాన్స్ సొర సొంపెంగ్‌ను దించుకోవాలి. జిప్ ఫైలును ముందుగా విప్పి, లోపలి టీటీఎఫ్ ఫైలుపై కుడి నొక్కు నొక్కి "ఇన్‌స్టాల్" ఎంచుకోవాలి. అప్పటికే తెరిచి ఉన్న ప్రోగ్రాములను మూసి తిరిగి తెరవాలి. విండోస్ 10లో కొన్ని ప్రోగ్రాములకు ఫాంటు కనబడకపోతే వాడుకరులందరికీ వర్తించేలా స్థాపించి చూడాలి.

తెలుగులో వలె ఇందులో గుణింతాలు, వత్తులు అతుక్కోవు. కనుక ఫాంటు ఉంటే చాలు, అక్షరాలు చెదిరే సమస్య దాదాపు ఉండదు. ఫాంటు లేని చోటికి పంపవలసి వస్తే, ఫాంటును పొదిగిన పీడీఎఫ్ అనువైనది.