కవిలెకట్ట నుండి కంప్యూటరు వరకు

కంప్యూటరున ఒక ఫోల్డరులోని ఫైలును మఱియొక ఫోల్డరులోనికి ప్రతి తీయుట నేడు రెప్పపాటులో జరుగు పని. ఆజ్ఞ యొకటి యిచ్చిన చాలును. చిన్న సాధనము మూలమును చదివి, పొల్లు పోకుండ వేఱొక చోట నిలుపును. ఈ సులభకార్యము మన కృష్ణాతీరమున ఒకప్పుడు ఎంత శ్రమతో జరిగెనో, దానివలన మనకేమి దక్కెనో నేను మనవి చేయదలచితిని.

పూర్వము గ్రామముల లెక్కలును, మాన్యముల వివరములును కరణముల యిండ్లలో తాటాకు కవిలెలుగా నుండెడివి. గంటముతో ఆకుపై గీసి, మసి పూసి, అక్షరములను తేర్చెడివారు. చెదలును, చెమ్మయు ఆకునకు శత్రువులు. కావున అది శిథిలము కాకమునుపే క్రొత్త ఆకుపై ప్రతి వ్రాయుట ఆచారమయ్యెను. ఒకే మాట రెండు పంక్తులలో వచ్చెనా, వ్రాయసకాని కన్ను మొదటిదానినుండి రెండవదానిపైకి దుమికి, నడిమి భాగము జాఱిపోయెడిది. అందుచేతనే వ్రాయసకాండ్రు గ్రంథాంతమున, చూచినది చూచినట్లు వ్రాసితిమి, తప్పులున్న పెద్దలు దిద్దుకొనుడని వేడుకొనుచుండిరి.

ఈ కవిలెలకు విరివిగా ప్రతులు తీయించినవాడు కర్నల్ కాలిన్ మెకంజీ. ఆయనకు కుడిభుజములైనవారు ఏలూరి వారగు కావలి సోదరులు. బొఱ్ఱయ్య 1803లో అకాలమరణము నొందగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ పని నడపెను. వారి మనుష్యులు ఊరూర తిరిగి, కవిలెలలోని సంగతులను కాగితముపై కైఫీయతులుగా వ్రాసికొనిరి. 1821లో మెకంజీ మరణించెను. పిమ్మట తెలుగు ప్రతులు మదరాసునకు చేరినవి. కాని సిరా వెలసి, పురుగు తొలిచి, అవియు జీర్ణింపసాగెను. 1830వ దశకపు తుదిని విలియం టేలరు కొన్నింటిని ఉద్ధరించెను. బ్రౌను దొర తన సొంత సొమ్ముతో లేఖకులను నిలిపి మరల ప్రతులు వ్రాయించెను.

ఈ శ్రమ విలువ సముద్రము నడిగిన చెప్పును. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుపై ఉప్పెన విఱుచుకొనిపడి, సుమారు 30,000 మందిని పొట్టబెట్టుకొనెను. 1977 నవంబరు 19న దివిసీమ అదే విధిని చవిచూచెను. ఇట్టి సీమలో ఒక్క యింట ఒక్క ప్రతి యుండుట లేకుండుటతో సమానము. కైఫీయతులు మనకు దక్కినది తాటాకు బలముచేత గాదు, ప్రతి దూరమున నుండుటచేత.

1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకరాస్ అనువారు ఆర్‌సింక్ అను సాధనమును వెలువరించిరి. అది రెండు చోట్లనున్న ప్రతులను పోల్చి, భేదించిన భాగమును మాత్రమే పంపును. ఒళ్లు అలసి, కన్ను చెదరు వ్రాయసకానికి ఇట్టి నేర్పు లేదు. అయినను ఒక్క యపాయము కలదు. మూలమున లేనిదానిని నకలులోను తుడిచివేయుమని ఆజ్ఞాపించితిమా, పొరపాటున మూలమున చెఱిపినది నకలునుండియు మాయమగును. వ్రాయసకాడు తప్పు వ్రాసెనేమో గాని, మూలపుటాకు చినిగెనని తన ప్రతిని చింపివేయలేదు.

కావున ప్రతి తీసినవెంటనే తెఱచి చదువుడు. సరిపోల్చకమునుపు మూలమును చెఱుపకుడు. ఒక ప్రతిని వరదకు అందని వేఱూర నుంచుడు. కావలి సోదరుల కష్టము మనకు నేర్పిన పాఠ మిదియే.