పిల్లలమర్రి: పుట్టిందెట్లా, నిలిచిందెట్లా

మహబూబ్‌నగర్ పట్టణానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న పిల్లలమర్రికి ఏడు వందల ఏళ్లని అంటారు. ఊడలు దిగి, అవే మానులై, మొదటి మాను ఏదో ఆనవాలు పట్టలేని చెట్టు అది. పాలమూరు కాస్తా 1890లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరున మహబూబ్‌నగర్ అయ్యేనాటికే అది పెద్ద ముసలి చెట్టు. ఇప్పుడు సుమారు మూడెకరాల్లో పరుచుకుని ఉంది. తల్లిచెట్టు చుట్టూ పిల్లమానులు చేరడంతో ఆ పేరొచ్చింది. సూర్యాపేట దగ్గర, పాత నల్లగొండ జిల్లాలో, ఇదే పేరుతో ఒక ఊరుంది. అది కాకతీయుల నాటి రేచర్ల రెడ్ల గుళ్లకు పేరుపడ్డ చోటు, ఈ చెట్టుతో దానికి సంబంధం లేదు.

మర్రిగింజ ఆవగింజ కన్నా చిన్నది. పండు తిన్న పిట్ట ఎక్కడ రెట్ట వేస్తే అక్కడ మొలుస్తుంది: తాటిమట్ట మొదట్లో, గుడి గోడ పగులులో, పాతబావి రాళ్ల సందుల్లో. తాటిచెట్టును చుట్టేసుకున్న మర్రి నల్లగొండ, పాలమూరు పల్లెల్లో కొత్త దృశ్యమేమీ కాదు. లేత వయసులో అది తాటి రసం పీల్చదు, మట్టల సందున చేరిన దుమ్మూ వాననీరే దానికి చాలు. అందుకే శాస్త్రం దాన్ని వృక్షోపజీవి అంటుంది. మామిడికొమ్మలోకి వేరు దించి నీళ్లు లాగేసే బదనికను మాత్రం పరాన్నజీవుల్లో కలుపుతుంది. మర్రి వేరు నేలను తాకాక సంగతి మారిపోతుంది. నీటికీ వెలుతురుకూ పోటీ మొదలవుతుంది, ఆ పోటీలో చివరికి ఓడేది ఆశ్రయమిచ్చిన తాటిచెట్టే.

ప్రాణులకూ వాటి పరిసరాలకూ ఉన్న ఇలాంటి లావాదేవీల అధ్యయనానికి 1866లో జర్మనీ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్ పేరు పెట్టాడు. మనం దాన్ని జీవావరణ శాస్త్రం అంటున్నాం. ప్రాణులను, వాటి చుట్టూ ఉన్న మట్టిని, నీటిని, గాలిని కలిపి ఒకే వ్యవస్థగా చూడాలని బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త ఆర్థర్ టాన్స్‌లీ 1935లో వాదించాడు. ఆవరణ వ్యవస్థ అనే భావన అక్కడిది. పాలమూరులో ఆ వ్యవస్థ ఉదారమైనది కాదు. ఏటా 600 మిల్లీమీటర్లకు కాస్త అటూఇటూ వాన, పైన ఎర్ర చెల్క, కింద గ్రానైటు బండ. అక్కడ మర్రి నేలను ఉన్నదున్నట్టు వదిలేయలేదు. నీడతో తేమను ఆపింది, రాలిన ఆకుతో మట్టిని పెంచింది.

దీని బతుకులో అసలు విచిత్రం కాయలో ఉంది. మనం మర్రికాయ అనేది నిజానికి లోపలికి ముడుచుకున్న వందల పూల గుత్తి. దానికి ఒకే ఒక సన్నని ద్వారం. ఆ ద్వారంలోంచి గింజంత కందిరీగ దూరుతుంది, దూరేటప్పుడు రెక్కలు ఊడిపోతాయి. కొన్ని పూలలో గుడ్లు పెడుతుంది, వెంట తెచ్చిన పుప్పొడిని మిగతా పూలకు అందించి అక్కడే చచ్చిపోతుంది. గుడ్ల నుంచి వచ్చిన మగవాటికి రెక్కలే ఉండవు. అవి ఆడవాటితో జతకట్టి, బయటికి దారి తొలిచి, ప్రాణం వదులుతాయి. ఆడవి పుప్పొడితో ఎగిరిపోతాయి. మర్రికి ఈ ఈగ లేకపోతే గింజ లేదు, ఈగకు మర్రి లేకపోతే తరం లేదు. సహజీవనానికి ఇంతకన్నా కట్టుదిట్టమైన ఉదాహరణ దొరకడం కష్టం. మర్రికి చుట్టమైన మేడిలోనూ ఇదే కథ. మేడిపండులోని పురుగులను వేమన పిరికివాడి బింకానికి పోలికగా వాడుకున్నాడు గానీ, పాపం, ఆ పండు అయ్యిందే వాటి పుణ్యాన!

ఎండాకాలంలో తక్కిన చెట్లు బోసిపోయినప్పుడు కూడా ఎక్కడో ఒక మర్రి కాస్తూనే ఉంటుంది. గోరింకలు, పచ్చపావురాలు, కోకిలలు, ఉడుతలు, గబ్బిలాలు దాని మీద పడతాయి. ఒక్కటి పోతే చాలా ప్రాణులు చెదిరిపోయే ఇలాంటి వాటిని కీలక జాతులంటారు. ఆ మాట అమెరికా తీరంలో సముద్ర నక్షత్రాలను పరిశీలించిన రాబర్ట్ పెయిన్ 1969లో వాడాడు.

2017 చివర్లో పిల్లలమర్రి కొమ్మ విరిగిపడింది. చెదలు పట్టాయని తేల్చి సందర్శకులను ఆపేశారు. 2018లో క్లోర్‌పైరిఫాస్ మందును నీళ్లలో కలిపి, సెలైన్ సీసాల్లో పోసి, కొమ్మలకు చుక్కచుక్కగా ఎక్కించారు. ఆ ఫొటోలు దేశమంతా తిరిగాయి. బరువు కొమ్మలకు సిమెంటు స్తంభాలు ఆనించారు, ఊడలను గొట్టాల్లోంచి నేలకు దించారు. చెట్టు నిలిచింది.

చెదలను దొంగలుగా చూడటం మాత్రం నాకు నచ్చదు. అవి విచ్ఛిన్నకారులు, ఎండిన కట్టెను మళ్లీ మట్టి చేసే కూలీలు. మన పుట్టల్లోని చాలా చెదలు లోపల బూజు తోటలు పెంచుతాయి, వానల్లో కొన్ని పుట్టల మీద మొలిచే గొడుగులు ఆ తోటలవే. బలంగా ఉన్న చెట్టు కన్నా నీరసించిన చెట్టే వాటికి త్వరగా చిక్కుతుంది. పిల్లలమర్రి ఎందుకు నీరసించింది? ఏళ్ల తరబడి వేలమంది తొక్కితే నేల గట్టిపడి వేళ్లకు గాలీ నీరూ అందవు. ఊడలు పట్టుకుని ఊగితే అవి నేలకు దిగవు, కొమ్మలకు కొత్త కాళ్లు రావు. నన్నడిగితే చెదల కన్నా ముందు మన పేరే రాయాలి. మొదటి మాను పోయినా మర్రి బతుకుతుంది: కోల్‌కతా దగ్గరి వృక్షోద్యానంలోని మహావటం మూలమానును 1925లోనే తొలగించారు, ఊడల మీద అది ఇప్పటికీ పెరుగుతోంది. ఊడలను దిగనిస్తే చాలు.

ఇంకో సంగతి. ఒక మర్రిలోని కాయలన్నీ దాదాపు ఒకేసారి పక్వానికొస్తాయి. అందుకే బయటికొచ్చిన ఈగకు మామూలుగా అదే చెట్టు మీద చోటు దొరకదు. ఒకటి రెండు రోజుల ఆయుష్షులోనే అది గాలివాటున వెళ్లి, సరైన దశలో ఉన్న మరో మర్రిని వెతుక్కోవాలి. అంటే పిల్లలమర్రి గింజ కట్టాలంటే చుట్టుపక్కల ఊళ్లలో, చెరువుకట్టల మీద, రోడ్ల పక్కన మర్రులు ఉండి తీరాలి. రోడ్డు వెడల్పుకు బలికాబోయిన చేవెళ్ల దారిలోని వందలాది మర్రుల కోసం జనం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది ఊరికే కాదు. మీ ఊరి రోడ్డు వెడల్పు చేసేటప్పుడు గొడ్డలి పడబోయేది మర్రి మీదైతే, పిల్లలమర్రికి సెలైన్ పెట్టినప్పటి శ్రద్ధలో కొంతైనా దాని మీద పెట్టమని అధికారులను అడగండి.