ఇమానం కింది రోడ్డు

విశాఖపట్నం బీచ్ రోడ్డులో, కురుసుర సబ్‌మెరైన్‌కి ఎదురుగా ఒక విమానం నిలబెట్టి ఉంది. దాని పేరు టీయూ-142. మా పేటలో మాత్రం పెద్దిమానం అంటారు. సోవియట్ రష్యాలో తయారైన ఈ రకం విమానాలు 1988 నుంచి 2017 దాకా, 29 ఏళ్ళు, మన నేవీలో పనిచేశాయి. అన్నీ కలిసి 30,000 గంటలు ఎగిరాయి, ఒక్క ప్రమాదం లేదు. 2017 మార్చిలో అరక్కోణంలో వీటికి వీడ్కోలు చెప్పారు. డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వచ్చి విశాఖ విమానాన్ని మ్యూజియంగా ప్రారంభించారు. ఆయనా దళితుడే. ఇదంతా రాసిపెట్టిన చరిత్ర.

రాయనిది మా పేటలో ఉంది.

మేం రెల్లోళ్ళం. మా అమ్మ ఆ రోడ్డు ఊడ్చేది. విమానాన్ని విప్పి, ముక్కలుగా ట్రైలర్ల మీద తెచ్చి, ఆ జాగాలోనే మళ్ళీ బిగించారు. తెల్లారగట్ట పనికెళ్ళొచ్చిన మా అమ్మ, "రెక్కలొకపక్క, ఒళ్ళొకపక్క పడున్నాయిరా. కోసిన కోడిలాగుంది" అంది. పేటంతా నవ్వారు. మా అయ్య నవ్వలేదు.

"ఆ ఇమానం పనేటిరా?" అని నన్నడిగాడు.

సముద్రంలో దాక్కున్న సబ్‌మెరైన్లను వెతికి పట్టుకోవడం అని చెప్పాను. నీళ్ళ అడుగున చప్పుడు వినే పరికరాలు పైనుంచి జారవిడుస్తుంది, అవసరమైతే టార్పెడోలు వేస్తుంది అన్నాను.

"అయితే ఆ యేడు ఇదుండాల్సింది" అన్నాడు.

ఆ యేడు అంటే 1971. అప్పుడాయన కుర్రాడు, పోర్టులో కూలి. డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన తీరం దగ్గరే పేలి మునిగిపోయింది. ఊళ్ళో మేడల కిటికీ అద్దాలు అదిరాయని అందరూ చెబుతారు. మా గుడిసెలకి అద్దాలెక్కడివి? మట్టిగోడ అదిరిందని మా అయ్య చెబుతాడు. అదీ సాక్ష్యమే కదా!

ఆ యుద్ధం గెలిచినప్పుడు దేశ రక్షణ మంత్రి ఎవరు? బాబూ జగ్జీవన్ రాం. బీహారులో చమార్ల ఇంట పుట్టినవాడు. ఆరా బడిలో అంటరాని పిల్లలకని విడిగా పెట్టిన నీళ్ళకుండను పగలగొట్టినవాడు. అంతకుముందు 1953లో ప్రైవేటు విమాన కంపెనీలను జాతీయం చేసినప్పుడు ఆ శాఖ మంత్రీ ఆయనే. నిజాం రాజ్యంలో మొదలైన దక్కన్ ఎయిర్‌వేస్ కూడా అప్పుడే ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆకాశంలో ఎగిరేవాటి మీద మనవాడొకడు సంతకం పెట్టాడన్నమాట.

ఈ సంగతి నాకు బడిలో ఎవరూ చెప్పలేదు. అక్కడ చెప్పింది వేరు. నాలుగో తరగతిలో పలక మీద విమానం గీస్తే మా పంతులు చూసి, "నీకెందుకురా ఇది? చీపురు గీయి, అదైతే నీకొచ్చు" అన్నాడు. క్లాసంతా నవ్వింది. పలక చెరిపేశాను గానీ ఆ మాట చెరగలేదు. కుండ పగలగొట్టిన పిల్లాడి కథ ఆ రోజే తెలిసుంటే, పలక చెరిపేవాణ్ణి కాదు.

చరిత్ర అంటే లెక్క రాసుకోవడం కూడా. విమానాలు ఎగిరిన గంటలు రాసుకున్నారు, మంచిదే. దాన్ని మోసుకొచ్చిన చేతుల లెక్క, బిగించిన చేతుల లెక్క, దాని ముందు రోడ్డు ఊడ్చిన చేతుల లెక్క ఏ బోర్డు మీదికి ఎక్కుతుంది? ఎవరో రాస్తారని ఎదురుచూసే ఓపిక మాకిక లేదు. నాకు తెలిసినంత నేనే రాస్తున్నాను. మా అమ్మ బీచ్ రోడ్డు ఊడ్చింది 19 ఏళ్ళు. ప్రమాదాలు: నడుము ఒకసారి, చెయ్యి ఒకసారి.